రోగి మీద చెయ్యి వేసే ముందు

(ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం సందర్భంగా హనుమకొండలో ఇంటర్న్‌లు, యువ ఫిజియోథెరపిస్టుల కోసం జరిగిన సదస్సులో ఒక సీనియర్ ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు కొంచెం పెంచుతారు.

ఈ రోజు అంశం అని కార్డులో వేసింది "మస్క్యులోస్కెలెటల్ ఫిజియోథెరపీ, మాన్యువల్ థెరపీలో ఉన్నత శిక్షణ". అంటే కండరాలు, ఎముకలు, జాయింట్ల నొప్పులకు చేతులతో చేసే చికిత్స. పొద్దున టీ దగ్గర మీరు నన్ను అడిగింది మాత్రం ఒకటే మాట. "సార్, బీపీటీ డిగ్రీ అయిపోతోంది, తర్వాత ఏ కోర్సు చేయమంటారు?" ఫోన్లు తీసి బ్రోషర్లు కూడా చూపించారు. డ్రై నీడ్లింగ్, కప్పింగ్, టేపింగ్, వెన్నుపూస అడ్జస్ట్‌మెంట్. శని, ఆదివారాలు రెండు రోజులు, మధ్యాహ్నం భోజనం, చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవాలా వద్దా అని కూడా ఒకరు అడిగారు. ఆ గొడవ ఇవాళ వద్దు, సాయంత్రం దాకా తెమలదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, నచ్చకపోతే చివర్లో కొట్లాడుకుందాం. టెక్నిక్ రెండు రోజుల్లో వస్తుంది. చేతులు సరిగ్గా ఉన్న ఎవరికైనా వస్తుంది. ఏ మనిషి మీద వాడాలి, ఎంత బలంతో వాడాలి, ఎప్పుడు ఆపాలి, అసలు చెయ్యే వేయకుండా ఎవర్ని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి అన్నది మాత్రం రెండు రోజుల్లో రాదు. మీరు రోగిని చూస్తుంటే అనుభవం ఉన్నవాళ్లు పక్కన నిలబడి మిమ్మల్ని చూడాలి. "ఇప్పుడు ఎందుకు నొక్కావు? నొక్కాక ఏం మారింది?" అని రోగి వెళ్లిపోయాక నిలదీయాలి. ఉన్నత శిక్షణ అంటే నా లెక్కలో అదే.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. మాన్యువల్ థెరపీ చేసే ఫిజియోథెరపిస్టులకు ప్రపంచ స్థాయిలో ఐఎఫ్ఓఎంపీటీ అని ఒక సమాఖ్య ఉంది. 1974లో మాంట్రియల్‌లో పుట్టింది. ఉన్నత శిక్షణ అనిపించుకోవాలంటే కోర్సులో ఏమేం ఉండాలో వాళ్లు ప్రమాణాలు రాసిపెట్టారు. థియరీ గంటలు, ప్రాక్టికల్ గంటలు కాక, గురువు పర్యవేక్షణలో రోగుల్ని చూడటానికే కనీసం 150 గంటలు ఉండాలన్నారు. మీ ఫోన్లో ఉన్న బ్రోషర్ తీసి చూడండి. రోగిని చూడటానికి ఎన్ని గంటలు ఇచ్చారో రాసి ఉందా? చాలావాటిలో ఉండదు. పక్క సీటులో ఉన్న స్నేహితుడి మెడ మీద ప్రాక్టీస్ చేయిస్తారు. ఆ మెడకు ఇరవై రెండేళ్లు, నొప్పి లేదు. మీరు ఎలా నొక్కినా బాగుందనే అంటాడు.

ఇక మనం వాడే పద్ధతులు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో పనిచేసిన జేమ్స్ సిరియాక్స్ డాక్టరు. నొప్పి ఏ కణజాలం నుంచి వస్తోందో కదలికల్ని ఒక్కొక్కటిగా పరీక్షించి తేల్చాలన్నాడు. నార్వేకు చెందిన కాల్టెన్‌బోర్న్ జాయింటు లోపల ఎముక ఎటు జారుతుందో సూత్రం చెప్పాడు. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మైట్లాండ్ చేత్తో జాయింటును ఎంత కదిలించాలో మనకు గ్రేడ్లు ఇచ్చాడు. అవి మీకు వచ్చు కాబట్టి గబగబా చెప్పేస్తాను. ఒకటి, కదలిక మొదట్లో చిన్న ఊపు. రెండు, బిగువు తగలకుండా పెద్ద ఊపు. మూడు, బిగువులోకి వెళ్లే పెద్ద ఊపు. నాలుగు, బిగువు దగ్గర చిన్న ఊపు. ఆ పైన ఒక్కసారిగా ఇచ్చే వేగమైన నెట్టు, అదే మానిప్యులేషన్. పరీక్షలో ఇంతవరకు రాస్తే మార్కులు పడతాయి. మైట్లాండ్ అసలు గొప్పతనం ఈ గ్రేడ్లలో లేదు, దాని సంగతి తర్వాత వస్తుంది.

న్యూజిలాండ్ వాళ్లు ఇద్దరున్నారు. రాబిన్ మెకెంజీ కథ మీరు విని ఉంటారు. 1956లో వెల్లింగ్టన్‌లో ఆయన క్లినిక్‌కు నడుం నుంచి కాలులోకి నొప్పి దిగుతున్న ఒక రోగి వచ్చాడు. గదిలోకి వెళ్లి బోర్లా పడుకోమన్నారు. అంతకుముందు రోగి కోసం బల్ల ఒక చివర పైకి ఎత్తి పెట్టి ఉంది. ఎవరూ దించలేదు. ఈయన అలాగే దాని మీద బోర్లా పడుకుంటే నడుం బాగా వెనక్కి వంగిపోయింది. మెకెంజీ కొన్ని నిమిషాల తర్వాత వచ్చి చూసి కంగారుపడి ఎలా ఉందని అడిగితే, మూడు వారాల్లో ఇంత హాయిగా ఎప్పుడూ లేదన్నాడు. కాలిలో నొప్పి పోయింది. అప్పట్లో నడుం నొప్పికి వెనక్కి వంగితే ప్రమాదమనే నమ్మకం ఉండేది. ఇంకొకరైతే బల్ల దించి, అదృష్టం బాగుందనుకుని ఊరుకునేవారు. మెకెంజీ మర్నాడు మళ్లీ అదే భంగిమలో పడుకోబెట్టి చూశాడు. బ్రయాన్ మల్లిగన్ అయితే ఒక వేలి జాయింటుతో మొదలుపెట్టాడు. మామూలు పద్ధతుల్లో లాగితే వేలు వంగట్లేదు, నొప్పి. పక్కకు కొంచెం జరిపి పట్టుకుని వంచమంటే నొప్పి లేకుండా వంగింది. దాని నుంచే రోగి కదలికతో కలిపి, చేత్తో జాయింటును జరిపే మొబిలైజేషన్ పుట్టింది. వీళ్లెవరూ పుస్తకంలో ఉన్నది మాత్రమే చేసినవాళ్లు కాదు. చేశాక ఏం మారిందో చూసినవాళ్లు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

ఎనుమాముల మార్కెట్ నుంచి హమాలీ ఒకాయన వచ్చాడనుకోండి. నలభై అయిదేళ్లు. మిర్చి సీజను, పొద్దున నాలుగింటి నుంచి బస్తాలు మోస్తున్నాడు. నడుం నుంచి కుడి పిక్క దాకా గుంజుతోంది. చేతిలో ఎంఆర్‌ఐ కవరు. రాగానే కవరు మీ బల్ల మీద పెట్టి, "గ్యాపు వచ్చిందట సారూ, కరెంటు పెట్టున్రి" అంటాడు. మీరేం చేస్తారు?

మన క్లినిక్కుల్లో చాలాచోట్ల జరిగేది చెప్తాను. కవరులోంచి రిపోర్టు తీసి, ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య మెత్త ఉబ్బింది అని చదివి, ఐఎఫ్‌టీ అనే కరెంటు చికిత్స పావుగంట, హాట్ ప్యాక్, నడుం లాగే ట్రాక్షన్, "పది సిట్టింగులు రావాలి" అంటాం. కరెంటు అడిగిన హమాలీని నేను తప్పుపట్టను, ఆయనకు ఎవరో అలా చెప్పి పంపారు. కానీ ఆ కవరు గురించి మనకు తెలియాల్సింది ఒకటుంది. నొప్పి ఏమాత్రం లేని మూడు వేల మందికి పైగా జనం వెన్ను స్కాన్‌లను 33 అధ్యయనాల నుంచి పోగుచేసి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం. మళ్లీ చెప్తున్నా, వీళ్లకు నొప్పి లేదు. అంటే రిపోర్టులో బల్జ్ ఉన్నంత మాత్రాన ఈయన నొప్పికి అదే కారణమని అనలేం, కాదని కూడా అనలేం. మనిషిని చూసి తేల్చాలి.

కాబట్టి కవరు పక్కన పెట్టి మాట్లాడించండి. "బాపూ, నొప్పి యాడ మొదలై యాడి దాకా పోతది?" వేలితో చూపించమనండి, బాడీ చార్ట్ మీద గీయండి. కూర్చుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా? పొద్దున లేవగానే ఎలా ఉంటుంది, రాత్రి నిద్ర లేపుతుందా? ఆ తర్వాత మైట్లాండ్ నేర్పిన అసలు ప్రశ్న. ఎంత పని చేస్తే నొప్పి రేగుతుంది, రేగినది చల్లారడానికి ఎంతసేపు పడుతుంది? ఒకాయన ఇరవై బస్తాలు మోశాక నొప్పి వచ్చి, అయిదు నిమిషాలు కూర్చుంటే తగ్గుతుందంటాడు. ఇంకొకాయన వంగి చెప్పులు వేసుకుంటే చాలు, రాత్రంతా కాలు గుంజుతుందంటాడు. ఎంఆర్‌ఐలో ఇద్దరిదీ ఒకటే బొమ్మ కావచ్చు. మొదటాయన్ని మీరు గట్టిగానే పరీక్షించొచ్చు. రెండో ఆయన్ని అన్ని కదలికలూ చేయించి, అన్ని టెస్టులూ పెట్టి పంపారంటే ఆ రాత్రి ఆయన ఇంట్లో ఎవరూ నిద్రపోరు, మర్నాడు మీ దగ్గరికి రాడు. ఈ తేడాను మాటల్లోనే పట్టుకోవడం గ్రేడ్ త్రీకీ గ్రేడ్ ఫోర్‌కీ తేడా కన్నా ముఖ్యం. మైట్లాండ్ గొప్పతనం ఇక్కడుందని నేను అన్నది ఇందుకే. చెయ్యి ఎంత లోతుకు వెళ్లాలో రోగి మాటే నిర్ణయించాలన్నాడు.

తర్వాత పరీక్ష. కాలు నిటారుగా ఎత్తి ఎన్ని డిగ్రీల దగ్గర పిక్కలో గుంజిందో రాసుకోండి. నలభై అనుకుందాం. కాలి బొటనవేలు పైకి లేపి మీ చేతిని నెట్టమనండి. మోకాలు, మడమ దగ్గర రిఫ్లెక్సులు. స్పర్శ. ఇవి చూడకుండా ముందుకు పోవద్దు. బొటనవేలు బలం వారం వారం తగ్గుతోందంటే అది మీ టేబుల్ మీద ఉండాల్సిన కేసు కాదు.

ఇప్పుడు బోర్లా పడుకోబెట్టండి. రెండు మూడు నిమిషాలు ఊరికే. తర్వాత మోచేతుల మీద లేవమనండి. తర్వాత అరచేతులు ఆనించి, నడుం కింద వదిలేసి, ఛాతీ పైకి లేపమనండి. పది సార్లు. ప్రతి రెండు మూడు సార్లకు ఒక్కటే ప్రశ్న: "ఇప్పుడు నొప్పి యాడుంది?" పిక్కలో ఉన్నది తొడకు, తొడలోది పిర్రకు, అక్కడి నుంచి నడుం మధ్యకు వచ్చిందంటే మంచి గుర్తు. దీన్నే సెంట్రలైజేషన్ అంటాం. నడుం దగ్గర కాస్త ఎక్కువైనట్టు అనిపించొచ్చు, రోగి భయపడతాడు, అది పర్వాలేదని మీరు ముందే చెప్పి ఉండాలి. అదే నొప్పి పాదం వైపు దిగిపోతుంటే అక్కడే ఆపేయండి, ఈ దిక్కు ఆయనకు పనికిరాదు. లేపి, మళ్లీ కాలు ఎత్తి చూడండి. నలభై అరవై అయిందా? అయితే ఇవాళ్టికి మీ పని సగం అయినట్టే. ఇంటి దగ్గర రెండు గంటలకొకసారి పదేసి చేయమనండి. బోర్లా పడుకోవడానికి చోటు లేని మార్కెట్‌లో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి వంగమనండి. నాట్లు వేసే ఆడవాళ్లు మడిలోంచి గట్టెక్కి అదే పని చేస్తారు, గమనించారా? వాళ్లకు మెకెంజీ ఎవరో తెలియదు.

నేనింకా చెయ్యి వేయలేదు చూడండి. ఈ కదలికలతో వచ్చిన మార్పు ఒకచోట ఆగిపోతే అప్పుడు వెన్నుపూస మీద చేతి మడమ పెట్టి ఒత్తిడి ఇస్తాను, ఆయన ఛాతీ లేపుతుండగానే. మళ్లీ చూస్తాను. మార్పు వస్తే ఉంచుతాను, రాకపోతే తీసేస్తాను. ప్రతి టెక్నిక్‌కు ముందు ఒక కొలత, తర్వాత ఒక కొలత. మధ్యలో మీకు ఇష్టమైనది ఏదైనా పెట్టుకోండి.

ఇంకో ఉదాహరణ భుజానిది. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మనం పుస్తకం నేర్పిన సూత్రాన్ని ఎంత గుడ్డిగా పట్టుకుంటామో ఇందులో బాగా కనిపిస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం బిగుసుకుపోవడం, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. నర్సంపేట నుంచో పరకాల నుంచో ఒక అక్క వస్తుంది. జడ వేసుకోలేదు, వెనక హుక్కు పెట్టుకోలేదు, దండెం మీద బట్టలు ఆరేయలేదు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పమంటే తిరగదు. సిరియాక్స్ చెప్పిన వరుస అదే, బయటికి తిప్పడం అన్నింటికన్నా ముందు, ఎక్కువగా పోతుంది. తర్వాత పక్కకు లేపడం, తర్వాత లోపలికి తిప్పడం.

ఇప్పుడు కాల్టెన్‌బోర్న్ సూత్రం. భుజంలో చేతి ఎముకకు గుండ్రటి తల, అది కూర్చునే లోతు తక్కువ గిన్నె. గుండ్రటి ఎముక కదిలితే జారుడు ఎదురు దిక్కులో ఉంటుంది. కాబట్టి చెయ్యి బయటికి తిరగాలంటే తలను ముందుకు జార్చాలి. పరీక్షలో రాశారు, మార్కులు వచ్చాయి. 2007లో అమెరికాలో ఒక చిన్న ట్రయల్ చేశారు. ఫ్రోజెన్ షోల్డర్ ఉన్న ఇరవై మంది. సగం మందికి తలను ముందుకు జార్చారు, సగం మందికి వెనక్కి. ఆరు సిట్టింగులు. బయటికి తిప్పడంలో ముందుకు జార్చినవాళ్లకు సగటున మూడు డిగ్రీలు పెరిగింది. వెనక్కి జార్చినవాళ్లకు ముప్పై ఒక్క డిగ్రీలు. సూత్రానికి పూర్తిగా వ్యతిరేకం. ఇరవై మందే కదా అంటే నిజమే, చిన్న అధ్యయనం, దాంతో సూత్రాన్ని చెత్తబుట్టలో వేయమని నేను అనను. బిగుసుకున్న భుజం కవచం పుస్తకంలో గీసిన బంతీ గిన్నె బొమ్మలా ప్రవర్తించదని మాత్రం అర్థమవుతుంది. అందుకే కదలికను డిగ్రీల్లో కొలిచే మీ గోనియోమీటర్‌ను డ్రాయర్లో దాచొద్దు. వెనక్కి జార్చి కొలవండి. ముందుకు జార్చి కొలవండి. ఆ అక్క భుజం ఏ దిక్కు ఒప్పుకుంటే ఆ దిక్కే ఆమెకు సూత్రం. రాత్రి నిద్రపట్టనంత నొప్పి ఉన్న దశలో అయితే గ్రేడ్ ఒకటి, రెండు దాటొద్దు. బలవంతంగా లేపి కేకలు పెట్టిస్తే ఆమె చెయ్యి ఇంకా దగ్గరికి కట్టేసుకుంటుంది.

భుజం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇంకో సంగతి. జాకెట్టు, పైట, వెన్ను. మనం తాకే వృత్తిలో ఉన్నాం. ఏం చేయబోతున్నానో, ఎక్కడ చెయ్యి పెడతానో, ఎందుకో ముందే చెప్పి, సరేనంటేనే ముట్టుకోవాలి. మగ ఫిజియోథెరపిస్టులు మరీ ముఖ్యంగా వినండి. తోడు వచ్చిన బిడ్డనో చెల్లెనో గదిలోనే కూర్చోబెట్టండి. పక్క గదిలో ఆడ ఫిజియో ఉంటే ఆమెనే చూడమనండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. "నొప్పి వస్తే ఆపమని చెప్పు అక్కా, ఆపేస్తా" అన్న మాట నిజంగా నిలబెట్టుకోండి. రోగి చెయ్యి వదులుగా వదిలేయకపోతే మీ గ్రేడ్ ఫోర్ ఆమె కండరంతో కుస్తీ పట్టడమే అవుతుంది, జాయింటు దాకా వెళ్లదు.

ఇక టప్ మని వచ్చే శబ్దం. రీల్స్ చూసి మీరు మురిసిపోయేది దాని కోసమే. మెడ తిప్పితే టప్. మెటిక విరిచినప్పుడు లోపల ఏం జరుగుతుందో 2015లో కెనడా పరిశోధకులు ఎంఆర్‌ఐలో కదులుతున్న బొమ్మగా చూశారు. జాయింటు ఉపరితలాలు విడిపోయేటప్పుడు వాటి మధ్య ఉన్న ద్రవంలో ఒక ఖాళీ ఏర్పడుతుంది, శబ్దం దానిదే. జరిగిపోయిన ఎముక వెనక్కి వచ్చి కూర్చున్న శబ్దం కాదు. 1998లో నడుం కింద వెన్ను, కటి ఎముకలు కలిసే శాక్రోఇలియాక్ జాయింటు మీద అధ్యయనం చేసి, మానిప్యులేషన్ ముందూ తర్వాతా ఎముక స్థానం కొలిస్తే ఏ మార్పూ లేదు. అయినా రోగికి హాయిగా ఉంటుంది, అది అబద్ధం కాదు. మన చేతి ఒత్తిడికి వెన్నుపాము, మెదడు నొప్పిని కాసేపు తగ్గిస్తాయి, కండరం సడలుతుంది. ఆ కాసేపట్లో మీరు వ్యాయామం చేయించాలి. చేయించకపోతే బస్టాండు చేరేలోపే ఆ హాయి పోతుంది. శబ్దం రాకపోయినా ఫలితం వస్తుందని కూడా తెలుసుకోండి. మరి రోగికి "నీ బొక్క జరిగింది, నేను సరిచేశా" అని ఎందుకు చెప్తాం? అలా చెప్తే జీవితాంతం తన వెన్ను ఎప్పుడు జారిపోతుందోనని భయపడుతూ నెలనెలా మన దగ్గరికి వస్తాడు. కొందరికి అదే కావాలేమో. నాకైతే అది వైద్యం అనిపించదు.

మెడ మానిప్యులేషన్ గురించి ఖరాఖండిగా చెప్తున్నాను. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు మెడలోంచే వెళ్తాయి. ఎప్పుడూ లేనంత తీవ్రమైన మెడనొప్పి, తలనొప్పి కొత్తగా మొదలైనా, కళ్లు తిరిగినా, చూపు రెండుగా కనిపించినా, మాట తడబడినా, మింగడం కష్టమైనా, నడక తూలినా మెడ ముట్టుకోవద్దు. బీపీ చూడండి, కపాల నాడుల్ని పరీక్షించండి, పంపించేయండి. ఐఎఫ్ఓఎంపీటీ దీని మీద 2012లో మార్గదర్శకం రాసి, 2020లో మళ్లీ సవరించింది. మెడ టప్‌మనిపించే కోర్సులకు వెళ్లేముందు అది చదవండి.

నడుం దగ్గర కూడా అంతే. మూత్రం ఆగిపోయిందా లేక తెలియకుండా పోతోందా, మల ద్వారం చుట్టూ, తొడల మధ్య మొద్దుబారిందా, రెండు కాళ్లూ బలహీనపడ్డాయా అని అడగడానికి సిగ్గుపడితే ఎలా? ఇది కాడా ఈక్వినా, అంటే వెన్ను చివరి నరాల కట్ట నలగడం కావచ్చు, ఆ రోజే ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లో సర్జన్ ఉన్న ఆసుపత్రికో చేరాలి, రేపటి అపాయింట్‌మెంట్ పనికిరాదు. మన దేశంలో ఇంకోటి మర్చిపోకూడదు. ప్రపంచంలో క్షయ రోగులు ఎక్కువున్న దేశం మనదే, ఆ క్షయ వెన్నుపూసను కూడా పట్టుకుంటుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, వెన్నులో ఒక్కచోట తట్టితే విపరీతమైన నొప్పి, చిన్న గూని. అలాంటి పూసను గ్రేడ్ ఫోర్‌తో నొక్కడం ఊహించుకోండి. అరవై దాటిన అవ్వ బాత్రూంలో కాస్త జారి నడుం పట్టేసిందంటే, ఎముకలు గుల్లబారి పూస నలిగిందేమో ముందు చూసుకోవాలి. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు కొత్తగా నడుం నొప్పి వచ్చినా అంతే. ఈ ప్రశ్నలన్నీ కలిపితే మూడు నాలుగు నిమిషాల పని.

యంత్రాల దగ్గరికి వస్తే మీకు కోపం రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో పెద్దవాళ్లలో దీర్ఘకాలిక నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో ప్రపంచంలో దాదాపు 62 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని లెక్క. ఆ మార్గదర్శకాల్లో రోగికి అవగాహన, వ్యాయామం, చేతులతో చేసే వెన్ను చికిత్స, మసాజు లాంటివి వాడొచ్చన్న జాబితాలో ఉన్నాయి. మామూలుగా వాడొద్దన్న జాబితా వినండి. నడుం బెల్టులు, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ చికిత్స, చర్మం మీద కరెంటు పెట్టే టెన్స్. మన క్లినిక్కుల్లో సగం గది నిండా ఉన్నవి అవే. "అప్పు చేసి కొన్నాం సార్, ఇప్పుడేం చేయాలి" అని ఒకరు నన్ను అడిగారు. బ్యాంకు ఈఎంఐ సంగతి డబ్ల్యూహెచ్‌ఓ రాయలేదు, నిజమే. రోగి వైపు నుంచి కూడా చూడండి. ములుగు అవతల ఊరి నుంచి ఒక అవ్వ పది సిట్టింగులకు పది రోజులు రావాలి. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం, చార్జీ లేదు. కూలి మాత్రం పోతుంది. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి ఏరే రోజుల్లో పది కూలీలంటే చిన్న విషయం కాదు. నాలుగో రోజు రావడం మానేస్తుంది, మనమేమో కేస్ షీటులో "రోగి సహకరించలేదు" అని రాస్తాం. నాలుగు సార్లే వస్తుందనుకుని ప్లాన్ చేయండి. మొదటి రోజే రెండే రెండు వ్యాయామాలు నేర్పి, మళ్లీ మీకు చేసి చూపించమనండి. ఏడు వ్యాయామాల జిరాక్స్ కాగితం చేతికిస్తే అది బియ్యం డబ్బా కిందికి పోతుంది.

పని మానేయమని కూడా తేలిగ్గా అనేస్తాం. హమాలీని బరువులెత్తొద్దనీ, సిరిసిల్లలో మగ్గం నడిపేవాణ్ని నిలబడొద్దనీ, నిజామాబాద్ బీడీ కార్మికురాల్ని మెడ వంచొద్దనీ, సింగరేణి కార్మికుణ్ని వంగొద్దనీ అంటే వాళ్లు నవ్వుకుని పోతారు. మెడ వంచకుండా బీడీ చుట్టడం ఎలాగో మీరు చేసి చూపించండి చూద్దాం. చాటను ఒడిలోంచి కాస్త ఎత్తు మీదికి మార్చొచ్చు, అరగంటకొకసారి లేచి మెడ, భుజాలు కదిలించమని చెప్పొచ్చు, భుజాల వెనక కండరాలకు బలం పెంచొచ్చు. మీరు సలహా ఇచ్చే పనిని ఒక్కసారైనా దగ్గర కూర్చుని చూడండి. కాజీపేటలో ఉన్నవాళ్లు రైల్వే ట్రాక్‌మన్ పని చూడండి, కొత్తవాడలో ఉన్నవాళ్లు దర్రీలు నేసే మగ్గం చూడండి. ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ ఇది లేదు, ఫీజు కూడా లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను, ఏ కోర్సు? అవకాశం ఉంటే మస్క్యులోస్కెలెటల్ విభాగంలో పీజీ, అంటే ఎంపీటీ చేయండి, రెండేళ్లు. మన కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది, దాని పరిధిలోని కాలేజీల్లో ఏ విభాగాలు ఉన్నాయో, పీజీ విద్యార్థికి రోజుకు ఓపీలో ఎంతమంది రోగులు దొరుకుతారో వెళ్లి అడగండి. భవనం చూడకండి, ఓపీ చూడండి. ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకోవాలంటే విడతలు విడతలుగా సాగే కోర్సులు మంచివి. మెకెంజీ పద్ధతిలో భాగాలు వరుసగా పూర్తిచేసి, చివర పరీక్ష రాయాలి. మల్లిగన్‌లో కూడా పరీక్ష పాసయితేనే గుర్తింపు. ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఉన్న నెలల్లో మీ రోగుల మీద వాడి, ఫలితాలు రాసుకుని, సందేహాలతో తిరిగి వెళ్లొచ్చు. అదీ కుదరకపోతే మీలో నలుగురు కలవండి. నెలకొక ఆదివారం, ఒకరి క్లినిక్‌లో, ఒక నిజమైన రోగి, ఆయన ఒప్పుకుంటేనే. ఒకరు చూస్తారు, ముగ్గురు గమనిస్తారు, రోగి వెళ్లాక వాదించుకుంటారు. బాగవ్వని కేసునే తీసుకురండి. బాగైన కేసులు వాట్సాప్ స్టేటస్‌లో ఎలాగూ పెడతారు.

ప్రశ్నలకు పది నిమిషాలు ఉంది. ఆ... నీలం చున్నీ అమ్మాయి, చెప్పమ్మా.

(ప్రశ్న: సార్, ఆర్థో సార్ చీటీ మీద "ఐఎఫ్‌టీ, ట్రాక్షన్, పది రోజులు" అని రాసి పంపిస్తారు. మేం వేరేగా చేస్తే రేపటి నుంచి రోగుల్ని పంపరు. అప్పుడేం చేయాలి?)

మంచి ప్రశ్న, ఇక్కడున్న చాలామంది కడుపులో ఉన్నదే అడిగావు. గొడవ పెట్టుకోకు. రోగి ముందు ఆర్థో సార్‌ను తప్పుపట్టకు, అది అస్సలు చేయకు. నీ పరీక్ష నువ్వు చెయ్యి. తర్వాత ఆయనకు ఒక ఉత్తరం రాయి, సగం పేజీ మించకూడదు, ఎందుకంటే ఓపీలో ఆయనకు చదివే తీరిక లేదు. మొదటి వాక్యం, పంపినందుకు కృతజ్ఞతలు, రోగి పేరు, వయసు. రెండోది, నువ్వు కనుక్కున్నది. కుడి కాలు నలభై డిగ్రీల దగ్గర నొప్పి, బొటనవేలు బలం మామూలుగానే ఉంది, బోర్లా పడుకుని వెనక్కి వంగితే పిక్క నొప్పి నడుం దగ్గరికి వచ్చింది. మూడోది, అందుకని ఈ వ్యాయామాలతో మొదలుపెట్టాను, ట్రాక్షన్ ఆపి ఉంచాను, వారంలో మార్పు లేకపోతే మీ దగ్గరికే పంపుతాను. నాలుగోది, నీ ఫోన్ నంబరు. వారం తర్వాత రోగిని ఆయనకు చూపించి రమ్మను, అప్పటి కొలత కాగితం మీద రాసిచ్చి పంపు. మొదట్లో ఒకరిద్దరు చిరాకుపడతారు. చీటీ మీద "ఫిజియోథెరపీ - పరీక్షించి చేయండి" అని రాసి పంపే డాక్టర్లు మన ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లలో కొందరు ఇలాంటి ఉత్తరాలు చదివాకే అలా రాయడం మొదలుపెట్టారు.

తర్వాతి ప్రశ్న... వెనక చొక్కా చేతులు మడిచిన తమ్ముడు. తర్వాత ప్రాక్టికల్. పక్క హాల్లో ప్లింత్‌లు, రోగిని పడుకోబెట్టే బల్లలు, వేశారు, గోనియోమీటర్ తెచ్చుకోనివాళ్లు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర అడిగి తీసుకోండి.